ముట్టొద్దన్న సొట్ట

అద్దంకి రోడ్డు మీద, పానగల్లు దాటినంక
మా ఉస్తాద్ పెంటాచారి షెడ్డు.
తాత బండి కమ్ములు కాల్చినోడు,
తండ్రి నాగటికర్రు సాగదీసినోడు,
ఈయన లారీ డోర్లకు పానం పోసెటోడు.
మర్రిగూడ బోరునీళ్ళు తాగిన మోకాళ్ళు మడతపడవు,
అందుకే నిలబడే కొడతడు.
లప్పం డబ్బా దిక్కు చూడనే చూడడు.

ఒకనాడు పొద్దుగూకంగ
లారీ మీద తాడ్పత్రి కప్పుకొని వచ్చింది ఇటలీ కారు,
దవాఖానకు తెచ్చిన ముసలి పహిల్వాన్ లెక్క.
ఎరుపు. కళ్ళంల ఎండి
చిట్లబోయే మిరపకాయ ఎరుపు.
రెండే సీట్లు, కప్పు లేదు.
"సామాను ఏడ పెడతర్రా?" అన్నడు ఉస్తాద్.

వెంట వచ్చిన సారు ఫైలు తెరిచిండు.
వెయ్యి మైళ్ళ పందెంల ఉరికిందట,
బ్రెస్సియా నుంచి రోముకు, రోము నుంచి మళ్ళ బ్రెస్సియాకు,
చేన్ల నడుమ, అంగళ్ళ నడుమ,
జనం ముక్కుల ముందట నుంచి.
గెలిచిందా అంటే, గెలువలే. పదకొండోది.
"ఓడిన ఎద్దుకు గింత ధరనా?"
సారు నవ్వలే, కాయితం తిప్పిండు.
ఇంజను మీది నంబరు, చాసీ మీది నంబరు
పుట్టిననాటి రిజిస్టరుతోని కలిసినయట.
కలిస్తే కోట్లు. కలవకుంటే పాత సామాను.

ఉస్తాద్ తన బొటనవేలు చూసుకున్నడు.
నలభై ఏండ్ల సుత్తె గీతలన్నీ తినేసింది.
రేషన్ షాపు మిషన్ మీద పెడితే
నెలనెలా ఎర్రలైటు వెలుగుతది,
నువ్వు నువ్వు గాదంటది.

సొట్టలు రెండు.
కుడి రెక్కది బొంబాయి రేవుల క్రేను తగిలింది, తియ్యాలె.
ఎడమ రెక్కది, అరచెయ్యంత,
వానరాత్రి ఏదో గుట్ట మీది ఊరి మలుపుల
చర్చి గోడకు రాసుకున్నది, ముట్టొద్దు.
"ధరంత దాంట్లనే ఉన్నది," అన్నడు సారు.
"అది పోతే ఇది ఉత్త కారు."

సొట్టలు తీసి బతికెటోన్ని
సొట్టను కాపాడమన్న గిరాకి ఇదే మొదలు.

పదమూడు రోజులు.
ఇసుక సంచి, చింతకట్టె సుత్తె,
సబ్బు రాసి కాల్చిన అల్యూమినం రేకు.
సబ్బు నల్లబడంగనే మంట ఆపాలె,
ఒక్క గడియ దాటితే రేకు కన్నీళ్ళ లెక్క కారిపోతది.

రెక్క ఊడదీసి లోపలిదిక్కు చెయ్యి పెట్టిండు,
కండ్లు మూసుకున్నడు.
నా చేతుల చాయ్ మీగడ కట్టింది.
"ఒరేయ్, ఈ రేకు కొట్టినోడు ఎడమచేతి వాటపోడు.
దెబ్బలన్నీ ఇటు నుంచి అటు వాలినయి సూడు.
ఈడ సుత్తె తప్పింది.
నిద్రలేదు వానికి ఆ రాత్రి,
లేకుంటే బిడ్డకు పానం బాగలేదు."

నాకు ఇంగ్లీషు అక్షరాలొస్తయి, ఫైలంతా వెతికిన.
నడిపినోని పేరున్నది.
కొన్నోళ్ళ పేర్లున్నయి, ఏడుగురివి, ధరలతోని సహా.
టైర్ల కంపెనీ పేరు గూడ ఉన్నది.
ఎడమచేతోడు లేడు.

పోయే రోజు సారు వేళ్ళతోని తడిమి తడిమి
అతుకు ఏడున్నదో దొరకక రెండు వేలు ఎక్కువిచ్చిండు.
ఒక్కపారి స్టార్ట్ చేసిండు.
షెడ్డు రేకులన్నీ వణికినయి,
ఎదురుంగ దోశె పోస్తున్న మనెమ్మ గరిటె ఆపింది,
లతీఫ్‌సాబ్ గుట్ట దాక పోయి
మళ్ళ వచ్చినట్టయింది చప్పుడు.
ఉస్తాద్ చెవి ఒగ్గి,
"మూడో సిలిండరు జర దగ్గుతున్నది" అన్నడు, నాకే వినబడేటట్టు.

తెల్లారి పాలవ్యాను వచ్చింది, మూతి సొట్టపోయి.
ఉస్తాద్ సుత్తె ఎత్తిండు, దించిండు.
"ఏ పందెంల తగిలింది ఉప్పలయ్యా?"
"పందెమేంది చారీ, కట్టంగూరు కాడ బర్రె అడ్డమొచ్చింది."
"రాత్రా? వాననా?"
"వాననే. రెండు క్యాన్లు ఒలికినయి."
చారి ఆ సొట్టల అరచెయ్యి ఆనించి
చానాసేపు నిలబడ్డడు.
"తియ్యమంటవా," అన్నడు,
"ఉంచమంటవా?"